మోకాలి మార్పిడి ఆపరేషన్ ఇప్పుడే చేయించుకోవాలా, ఇంకొన్నాళ్లు ఆగొచ్చా?

తణుకు టీచరమ్మ:

నమస్కారం. నాకు 64 ఏళ్లు, రిటైరైన హైస్కూలు టీచర్ని. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కుడిది గ్రేడ్ 4 (అరుగుదలలో ఆఖరి దశ), ఎడమది గ్రేడ్ 3 అన్నారు. కుడికాలు దొడ్డికాలుగా వంగిపోయింది, ఫొటోల్లో నాకే తెలుస్తోంది. షుగర్ కూడా ఉంది. ఈ మధ్య హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 8.6 వచ్చింది.

ఒకప్పుడు అలిపిరి నుంచి నడిచి, మోకాళ్ల పర్వతం దగ్గర కూడా కూలబడకుండా కొండెక్కినదాన్ని. ఇప్పుడు మా డాబా మెట్లు ఒక్కోదాని మీద రెండు కాళ్లూ పెట్టి దిగుతున్నాను. ఎవరైనా పెళ్లికి పిలిస్తే ముందు అక్కడ బాత్‌రూమ్ ఏ రకమో ఫోన్ చేసి కనుక్కుంటాను. ఇండియన్ టైప్ అంటే ఒంట్లో బాగాలేదని చెప్పేస్తాను. మోకాల్లోకి జెల్ ఇంజెక్షన్ వేయించుకున్నా, కొన్నాళ్లు హాయిగా ఉండి మళ్లీ మొదటికొచ్చింది.

ఒక డాక్టరు గారు రెండూ ఒకేసారి చేసేద్దాం, ప్యాకేజీలో కలిసొస్తుంది అన్నారు. ఇంకొకాయన ముందు షుగర్ దించుకుని రండి, కుడిది మాత్రమే చేస్తాను అన్నారు. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి మొదటాయన మాటే నయం అంటోంది. దానికి సెలవు దొరికేది ఒక్కసారే మరి. మా వీధిలో ఒకావిడ చేయించుకుని, డబ్బు పోసి నొప్పి కొనుక్కున్నానని కనిపించిన వాళ్లందరికీ చెబుతోంది. అది విన్నప్పటి నుంచి టెన్షన్. చేయించుకున్నాక కింద కూర్చుని పూజ చేసుకోగలనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఖమ్మం కండక్టర్:

టీచరమ్మ గారూ, నమస్తే. ఆర్టీసీలో సర్వీసంతా నిలబడే టికెట్లు కొట్టినవాణ్ణి, మోకాళ్ల సంగతి నన్నడగండి. నాకు రెండూ అయ్యాయి. ఒకటి చేయించుకుని, అది బాగా కుదిరాకే రెండోది.

ముందు పూజ సంగతి. మఠం వేసుకుని కింద కూర్చోవడం మర్చిపోండి. అలా కూర్చోగలుగుతున్నవాళ్లు లేకపోలేదు గానీ, డాక్టర్లు వద్దనే అంటారు. లోపల రెండు లోహపు ముక్కల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది, మోకాలు మరీ మడిస్తే భారమంతా దాని మీదే. మేము దేవుడి పటాలు గోడకు నడుమెత్తున పెట్టించి ముందు కుర్చీ వేసుకున్నాం. దేవుడేమీ అనుకోలేదు. కింద కూర్చోవడం కోసమే అయితే ఈ ఆపరేషన్ జోలికి పోకండి. నడవడానికీ, రాత్రిళ్లు నిద్ర పట్టడానికీ అయితే పనికొస్తుంది.

గ్రేడ్ ఎంత అన్నదానికంటే, నొప్పి వల్ల ఏమేం మానుకున్నారో చూసుకోండి. గ్రేడ్ 4 ఉండి కూడా పొలం చుట్టి వచ్చేవాళ్లున్నారు. మీరు పెళ్లిళ్లే మానేశారు. నన్నడిగితే కుడిదానికి టైమొచ్చింది. అయితే 8.6 షుగర్‌తో మాత్రం ఆపరేషన్ బల్ల ఎక్కకండి. ఎనిమిది లోపుకి రానిదే మా డాక్టర్ డేట్ ఇవ్వలేదు. లోపల చీము పట్టిందంటే వేసినవి తీసి మళ్లీ వేయాల్సి రావొచ్చు. అందుకే పన్ను పుచ్చినా, యూరిన్‌లో ఇన్ఫెక్షన్ ఉన్నా ముందు దాని సంగతి చూసుకోమంటారు.

రెండూ ఒకేసారి అన్నదానికి నా ఓటు లేదు. వాజ్‌పేయి గారు ప్రధానిగా ఉండగానే ముంబైలో 2000లో ఎడమ మోకాలు, 2001లో కుడి మోకాలు చేయించుకున్నారు. ఆయనకు డబ్బు లోటా, డాక్టర్లు లోటా? అయినా విడివిడిగానే చేశారు. గుండె గట్టిగా ఉండి షుగర్ అదుపులో ఉన్నవాళ్లకు ఒకేసారి చేస్తారు, మా డిపో మెకానిక్ అట్లా చేయించుకుని బాగానే ఉన్నాడు. మీ లెక్క వేరు. ఒక కాలు మనదై ఉంటే కనీసం దాని మీద బరువు మోపి బాత్‌రూమ్ దాకా పోవచ్చు.

ఇక ప్యాకేజీ. 2017 ఆగస్టులో కేంద్రం ఇంప్లాంట్ల (అదే, మోకాల్లో వేసే కృత్రిమ కీలు) ధరకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వేసే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు పెట్టింది 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. బిల్లులో ఇంప్లాంట్ కంపెనీ, ధర విడిగా రాయించుకోండి. డబ్బా మీది స్టిక్కర్లు డిశ్చార్జి కాగితాలకు అంటిస్తారు, వాటిని జాగ్రత్త చేయండి. రేపు ఎప్పుడైనా మళ్లీ తెరవాల్సి వస్తే ఏ కంపెనీది, ఏ సైజు అని చెప్పేవి అవే.

ఆపరేషన్‌లో నొప్పి తెలియదు, తర్వాతిదే అసలు సినిమా. మొదటి వారాల్లో రాత్రి పూట కాలు ఎటు పెట్టినా సలుపే. మా ఆవిడ జాలిపడి మోకాలి కింద దిండు పెట్టేది. వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి వచ్చి చూసి, ఆ దిండు లాగేసి మడమ కింద పెట్టింది. మోకాలు గాల్లో వేలాడుతుంటే తొడ వెనక తెగిపోతున్నట్టు లాగింది. ఆ పిల్లను మనసులో ఏమేం తిట్టుకున్నానో ఇక్కడ రాయలేను. ఇవాళ కాలు తిన్నగా చాపుతున్నానంటే ఆమె చలవే.

నెల్లూరు అబ్బాయి:

మీ వీధి ఆవిడ చెప్పేది కూడా కొట్టిపారేయకండి అమ్మా. చేయించుకున్న ప్రతి అయిదారుగురిలో ఒకరికి పూర్తి తృప్తి ఉండదని డాక్టర్లే చెబుతారు. మా అమ్మకు మోకాలు చక్కగా కుదిరింది గానీ నొప్పి సగమే తగ్గింది. మిగతా సగం నడుం దగ్గర నరం నొక్కుకోవడం వల్ల అని తర్వాత తేలింది. తుంటి అరిగినా నొప్పి మోకాల్లోనే తెలియొచ్చట. మీ నొప్పి తొడలోంచి గానీ పిరుదు నుంచి గానీ దిగుతుంటే ముందే చెప్పి చూపించుకోండి.

ఫిజియో, విశాఖ:

కండక్టర్ గారు దిండు సంగతి చెప్పి మా పని తగ్గించారు. అందరూ మోకాలు ఎంత వంగింది అనే చూస్తారు. పూర్తిగా చాపడం రాకపోతే నడక కుంటిగానే మిగిలిపోతుంది. ఇంకో మాట, వ్యాయామం ఆపరేషన్ తర్వాత కాదు, ఇవాళే మొదలుపెట్టండి. పడుకుని మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని నొక్కుతూ తొడ బిగించి అయిదు సెకన్లు ఉంచి వదలండి. నొప్పి లేనంతవరకే చేయండి. అయిపోగానే తువ్వాలు తీసేయండి. తొడ కండ బలంగా ఉన్నవాళ్లు వాకర్ తొందరగా వదిలేస్తారు. ఒక కిలో బరువు తగ్గితే అడుగేసినప్పుడల్లా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కొందరికి ఇంతమాత్రానికే ఆపరేషన్ కొన్నేళ్లు వెనక్కి పోతుంది. గ్రేడ్ 4 అయి, కాలు వంగిపోయిన మీకు ఆ ఆశ తక్కువే, అయినా చేసింది వృథా పోదు.

ఈలోగా నొప్పికి ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తానంటే, ఆపరేషన్ ఆలోచన ఉందని చెప్పండి. అది వేశాక మూడు నెలలైనా ఆగి చేయడం మంచిది, లేకపోతే ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది.

తణుకు టీచరమ్మ:

అందరికీ ధన్యవాదాలు. రెండో డాక్టర్ దగ్గరికే వెళ్తున్నాను. షుగర్ దిగేదాకా డేట్ మాట ఎత్తనని అమ్మాయికి చెప్పాను. అలిగింది, రెండు రోజులు ఫోన్ చేయదు, తర్వాత తనే చేస్తుంది. కండక్టర్ గారూ, వాకరూ ఎత్తు కమోడ్ సీటూ కొనాలా? మా ఇంట్లో కమోడ్ పొట్టిది.

ఖమ్మం కండక్టర్:

వాకర్ కిరాయికి తీసుకోండి, ఎన్నాళ్లో పట్టదు. సీటు మాత్రం కొనుక్కోండి, రెండో మోకాలికీ అదే పనికొస్తుంది. బాత్‌రూమ్ గోడకు పట్టుకునే స్టీలు రాడ్ ఆపరేషన్‌కి ముందే బిగించేయండి. మేస్త్రీ ఇవాళ వస్తా రేపొస్తా అని తిప్పుతాడు, ఇప్పుడే చెప్పి పెట్టుకోండి.