సింకోనా బెరడు మేలా, క్వినైన్ మేలా?

గోదారిగట్టు:
1600ల నుంచి యూరప్ మందుల అంగళ్లలో చలిజ్వరానికి, అంటే మలేరియాకి, సింకోనా అనే చెట్టు బెరడు పొడే ఇచ్చేవాళ్లు, జనానికి తగ్గేది కూడా. 1820లో పెలెటియే, కావెంటూ అనే ఫ్రెంచివాళ్లు అందులోంచి క్వినైన్ అనే మందు పదార్థాన్ని విడదీశాక బెరడుని మెల్లగా పక్కన పెట్టేశారు. అది పొరపాటని నా గట్టి అభిప్రాయం. చెక్కలో ఉన్నవన్నీ కలిసి పనిచేస్తాయి, ఒక్కదాన్నే లాగితే ఎలా?

తుమ్మచెట్టు:
తగ్గినవాళ్లకి తగ్గింది, కాదనను. కానీ తన దగ్గరున్న చెక్కలో మందు ఎంతుందో అమ్మేవాడికే తెలిసేది కాదండీ. రోమ్‌లో 1651 నాటి మందు చీటీలో ఇలా ఉంటుంది: రెండు డ్రాముల బెరడు, అంటే ఆరున్నర గ్రాములనుకోండి, మెత్తగా నూరి జల్లించి, జ్వరం రావాల్సిన టైముకి మూడు గంటల ముందు గ్లాసుడు వైన్‌లో నానబెట్టి, వణుకు మొదలవగానే మడ్డితో సహా తాగెయ్యాలి. తూకం బాగానే ఉంది, మరి ఆ చెక్కలో క్వినైన్ 2 శాతం ఉంటే రోగికి అందేది 130 మిల్లీగ్రాములు, 5 శాతం ఉంటే 325. ఒకే చీటీ, ఒకే తూకం, ఒకడు లేచి కూర్చుంటాడు, ఇంకొకడికి మర్నాడు మళ్లీ వణుకే. పైగా నాలుక మీద వేసుకుని చేదు చూసి నమ్మేవాళ్లు కాబట్టి, ముసాంబరం పట్టించిన చెర్రీ చెక్కని కూడా ఇదే పేరుతో అంటగట్టారు.

గోదారిగట్టు:
కల్తీ తప్పు అమ్మినవాడిది, బెరడుది కాదు. మద్రాసు ప్రభుత్వం 1866లో వేసిన కమిషన్ సంగతి చెప్పండి మరి. బెరడులో ఉండే క్వినైన్, క్వినిడిన్, సింకోనిన్, సింకోనిడిన్, ఈ నాలుగు పదార్థాలూ విడివిడిగా 2,472 మంది జ్వరం రోగులకి ఇస్తే ఫెయిలైంది 27 కేసుల్లోనే. సింకోనిన్ కాస్త వెనకబడిందంతే. అంటే మనం పారేసినవి కూడా మందులే కదా!

తుమ్మచెట్టు:
మందులే, అందులో నాకు పేచీ లేదు. నీలగిరి తోటల్లో ఎక్కువగా వేసిన ఎర్ర బెరడు రకంలో క్వినైన్ తక్కువ, సింకోనిడిన్ ఎక్కువ, అందుకే అక్కడివాళ్లకి ఆ పరీక్ష అంత అవసరమైంది. తర్వాత బెంగాల్‌లో అన్నీ కలిపిన సింకోనా ఫెబ్రిఫ్యూజ్ అనే జ్వరం మందు చవగ్గా తయారుచేశారు, క్వినైన్ కొనలేని పేదలకి అది పెద్ద ఆసరా, దాన్ని చిన్నచూపు చూడటం నాకూ నచ్చదు. కానీ ఒకటి గమనించండి, మద్రాసులో ఎవరికీ చెక్క నూరి పొయ్యలేదు. విడదీశారు, తూచారు, అప్పుడిచ్చారు. విడదీయకపోతే సింకోనిన్ వెనకబడిందని మీకెలా తెలిసేది?

గోదారిగట్టు:
ఫ్రెంచివాళ్ల క్వినిమాక్స్ అనే మలేరియా మందులో ఆ నాలుగూ కలిపే ఉంటాయి. కలిస్తే మేలు లేకపోతే ఎందుకు కలుపుతారు?

తుమ్మచెట్టు:
మేలు ఉండొచ్చండీ, మందుకి లొంగని మలేరియా క్రిమి మీద ల్యాబ్‌లో ఈ మిశ్రమం క్వినైన్ ఒక్కదానికంటే బాగా పనిచేసింది కూడా. కానీ ఆ క్వినిమాక్స్‌లో 96 శాతం దాకా క్వినైనే, మిగతా మూడూ కొలిచి కలిపినవి. మీరు అడుగుతున్న బెరడు అది కాదు.