సమస్యాపూరణం (ఇచ్చిన చిక్కు పాదాన్ని చివర నిలిపి, అర్థం కుదిరేలా పద్యం అల్లడం): «అనృతమే లోకమున కెల్ల నన్నమిడును»

నిర్వాహకుడు: ఈ పాదం తోచినప్పటి నుండి నాకే నవ్వు ఆగడం లేదు. బొంకు అన్నం పెడుతుందని ఒప్పుకోకుండా ఎవరు గట్టెక్కుతారో చూద్దాం.

పాదచారి:
అమరకోశమ్ము సేద్యమ్మె యనృత మనెను;
పెక్కు పాటులఁ జెమటోడ్చు పేదరైతు
కల్ల లెఱుగక దున్నిన కతనఁ గాదె
అనృతమే లోకమున కెల్ల నన్నమిడును.

సంస్కృత నిఘంటువైన అమరకోశంలోని వైశ్యవర్గంలో ‘అనృతం కృషిః’ అని అమరసింహుడు చెప్పినందున ఇక్కడ అనృతమంటే బొంకు కాదు, సేద్యం.

ముక్తపదం: పాదచారి గారి విరుపు బాగున్నదని ముందే ఒప్పుకొని, తరువాత రెండు మాటలు అంటాను. మనుస్మృతి నాల్గవ అధ్యాయం కృషిని ప్రమృతమన్నదే గాని అనృతమనలేదు, సత్యానృతమన్నది వాణిజ్యాన్ని. పైగా ‘గాదె’ తరువాత అచ్చు వస్తే యడాగమం (నడుమ యకారం చేరడం) తప్పదు. నిఘంటువు విప్పితే తప్ప అర్థం కాని పూరణ కన్న, పాఠకుడు బొంకును బొంకుగానే చదువుకొనే పూరణ మేలని నా అభిప్రాయం.

బలికి శుక్రుండు బోధించెఁ బలుకఁ గల్ల;
మాట తిరుగని యా రాజు మదినిఁ దలఁచె:
వీడఁ దగు నేది? భూమాత విధ మదేది?
అనృతమే, లోకమున కెల్ల నన్నమిడును.

గంటం: ఆడువారి విషయంలో, పెండ్లి మాటల్లో, ప్రాణవిత్తమానాలకు ముప్పు వచ్చినప్పుడు బొంకినా పాపం లేదని భాగవతం అష్టమ స్కంధంలో శుక్రుడు చెప్పిన నీతి అంతా ‘పలుకఁ గల్ల’ అన్న రెండు మాటల్లో ఇమిడింది. అయితే ‘అనృతమే’ను మొదటి ప్రశ్నకూ, మిగతా పాదాన్ని రెండవ ప్రశ్నకూ ఇచ్చి, సమస్యను ఇలా ప్రశ్నకు జవాబుగా విరవడం ముక్తపదం గారికి అలవాటే. శ్రీరామనవమి నాటి పూరణకూ ఇదే తాళంచెవి. ఆనాడే ఆయన, ‘అనృత’లోని అకారాన్ని పాదచారి గారు గురువుగా లెక్కించారని పట్టుకొని, ‘నృ’ సంయుక్తాక్షరం కాదనీ, ఋకారంతో కూడిన నకారమే గనుక దాని ముందున్న అక్షరం లఘువుగానే నిలుస్తుందనీ మూడు పేరాలు రాశారు. ఈ నాటి యడాగమపు ఆక్షేపణకు మూలం అక్కడే ఉన్నదని నా అనుమానం.

పాదచారి: మనువు ప్రమృతమన్న మాట నిజమే, నాగలి కింద నేలలోని జీవులు చస్తాయన్నది దానికి వ్యాఖ్యాతలు చెప్పే కారణం. అమరుడు మాత్రం, రాలిన గింజలు ఏరుకొని బ్రతికే ఉంఛశిలాన్ని ఋతమని, కృషిని అనృతమని పక్కపక్కనే పేర్కొన్నాడు. నా పద్యం అమరకోశం పేరుతోనే మొదలైంది గనుక మనువును సాక్షిగా పిలవడం అనవసరం. ఇక ‘విధ మదేది’ చివరి ఇకారం మీదికి యడాగమం రాకుండా ఎవరు అడ్డుపడ్డారో ముక్తపదం గారు సెలవిస్తే వినాలని ఉంది.

నిర్వాహకుడు: ప్రశ్నార్థకం పెట్టినంత మాత్రాన సంధి ఆగదు. ఇద్దరూ నాలుగవ పాదాన్ని ‘యనృతమే’ అని దిద్దుకోండి. గణం చెదరదు, యతి అకారం మీదనే నిలుస్తుంది. కల్లలెఱుగని రైతు అనృతంతో లోకానికి అన్నం పెట్టడమనే విరోధం వల్ల పాదచారి గారి పూరణ నాకు ఎక్కువ నచ్చింది. ముక్తపదం గారూ, బలి మనసులో భూమాత ప్రసంగం ఎందుకు వచ్చిందో పద్యంలో తెలియడం లేదు; ఆ మూడవ పాదం మార్చి పంపండి.