‘ఆయిల్ మాడింది’ అంటే సరిపోతుందా?

మాటలమూట:
ఐటీఐ పాఠానికి ఒక మాట కావాలండీ. పోయిన ఏసీ కంప్రెసర్‌లో ఆయిల్ చెడిపోవడాన్ని ముసాయిదాలో ‘కందెన విచ్ఛిన్నత’ అని రాశారు. ఆ మాట ఏ మెకానిక్ నోటా పలకదు. షాపుల్లో ‘ఆయిల్ మాడింది’ అంటారు కదా, అదే పెట్టేస్తే తప్పా?

రాగిగొట్టం:
మాట మంచిదే, కానీ ఒక రోగానికే సరిపోతుంది. మాడాలంటే వేడి కావాలి. గ్యాస్ తగ్గినా, అవుట్‌డోర్ కాయిల్‌కి దుమ్ము పట్టినా కంప్రెసర్ ఉడికిపోతుంది, ఆయిల్ తేనె రంగు నుంచి కాఫీ రంగుకు తిరుగుతుంది. కంప్రెసర్‌కి ఆరంగుళాల దూరంలో డిశ్చార్జి పైపు (వేడి గ్యాస్ బయటికొచ్చే గొట్టం) మీద థర్మామీటర్ కట్టండి. 107 డిగ్రీలు దాటితే ఆయిల్‌కి ముప్పు, ఎందుకంటే లోపల వాల్వు దగ్గర వేడి ఇంకో 30, 40 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. చచ్చిన కంప్రెసర్‌కి ఇది కొలవలేం. కొత్తది బిగించాక కొలవాలి, అదే ఎవరూ చెయ్యరు.

ఆర్32, ఆర్410ఏ గ్యాస్‌లతో నడిచే మెషీన్లలో కథ వేరు. పాత ఆర్22 గ్యాస్ మెషీన్లలో ఉండేది మినరల్ ఆయిల్. వీటిలో చాలావాటికి పీఓఈ ఆయిల్ పోస్తారు, అది ఈస్టర్, అంటే ఆమ్లం, ఆల్కహాల్ కలిసి అయిన పదార్థం. గాలి తగిలితే తేమను పీల్చుకుంటుంది, ఆ తేమకు వేడి తోడైతే తిరిగి ఆమ్లంగా, ఆల్కహాల్‌గా విడిపోతుంది. రంగు పెద్దగా మారకముందే యాసిడ్ ఎక్కేస్తుంది. దీన్ని మాడింది అంటే కుర్రాడు వేడి కోసం వెతుకుతాడు, తేమ సంగతి వదిలేస్తాడు. ఇలాంటి మెషీన్లలోనే వాడే ఇంకో రకం, పీవీఈ ఆయిల్ కూడా తేమ పీలుస్తుంది కానీ ఇలా విడిపోదు. అందుకే ఏ ఆయిలో నేమ్‌ప్లేట్ మీదా, మాన్యువల్‌లోనూ చూసి నిర్ధారించుకున్నాకే మాట్లాడాలి.

కొలిమి:
మూడోది మర్చిపోయారు. కంప్రెసర్ మోటారు వైండింగ్ (తీగచుట్ట) కాలితే ఆయిల్ తారులా నల్లబడి మసి తేలుతుంది. అక్కడ ఆయిల్ బాధితురాలే, దోషి కాదు. ‘కాలింది’ అన్న మాట వైండింగ్‌కే ఉంచండి.

అయితే కాలిందని తేల్చే ముందు కెపాసిటర్ చూడాలి. దాని మీద రాసిన మైక్రోఫారడ్‌లు, మీటర్ చూపేవి దగ్గరగా ఉండాలి. తర్వాత పవర్ తీసి, వైర్లు విప్పి టెర్మినల్స్ మధ్య ఓములు. కామన్–రన్ 2, కామన్–స్టార్ట్ 3 వస్తే రన్–స్టార్ట్ 5 రావాలి. ఇన్వర్టర్ కంప్రెసర్‌లో మూడూ సమానంగా ఉండాలి. రన్–స్టార్ట్ వచ్చి కామన్‌తో ఏదీ రాకపోతే లోపలి ఓవర్‌లోడ్ (వేడెక్కితే కరెంటు ఆపే స్విచ్) తెరుచుకుని ఉండొచ్చు, బాగా చల్లారాక మళ్లీ చూడండి. చివరికి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) ప్రతి టెర్మినల్‌కీ రాగి పైపుకీ మధ్య చూడాలి. ఒక మెగాఓమ్ కూడా చూపకపోతే బాడీ అయినట్టే, అంటే వైండింగ్ కరెంటు కంప్రెసర్ డబ్బాకి తగులుతోంది. వ్యాక్యూమ్‌లో ఉండగా మాత్రం మెగ్గర్ పెట్టకూడదు, లోపలే ఆర్క్ కొడుతుంది.

మాటలమూట:
తేమతో చెడినదానికి ‘ముక్కిపోయింది’ ఎలా ఉంటుంది? వంటనూనె ముక్కిపోవడంలో కూడా కొవ్వు విడివడి ఆమ్లాలు పుడతాయి కదా.

రాగిగొట్టం:
రసాయనపరంగా భేషుగ్గా కుదిరింది గానీ వద్దండీ. ముక్కిపోవడం అంటే వాసనతో పట్టేది. పిల్లలు గొట్టం దగ్గర ముక్కు పెడతారు. బర్న్‌అవుట్ అయిన (వైండింగ్ కాలిపోయిన) సిస్టమ్‌లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉండొచ్చు, అది చర్మానికీ ఊపిరితిత్తులకీ చేటు. షాపులో అనే ‘యాసిడ్ ఫామ్ అయింది’నే ఉంచండి. తెలుగే కావాలంటే ‘యాసిడ్ పుట్టింది’.

పాఠంలో పరీక్ష ఇలా రాయండి. గ్యాస్ రికవరీ చేశాక (సిలిండర్‌లోకి లాగేశాక) పైపుల్ని కట్టర్‌తోనే కొయ్యాలి. టార్చి పెడితే ఆయిల్ ఆవిరి అంటుకుంటుంది. రోటరీ కంప్రెసర్‌ని తలకిందులు చేస్తే పై డిశ్చార్జి గొట్టంలోంచి ఆయిల్ వస్తుంది. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని గాజు సీసాలో పట్టాలి. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చాలి. బాగా తక్కువైతే మిగతాది పైపుల్లోనే ఉండిపోయి ఉండొచ్చు. పాలలా మబ్బుగా ఉంటే తేమ, మెరుపులుంటే అరిగిన లోహం. తర్వాత యాసిడ్ కిట్, ఆ ఆయిల్‌కి పనికొచ్చేదే కొనాలి. మినరల్ కిట్‌తో పీఓఈని చూస్తే ఫలితం నమ్మలేం.

యాసిడ్ తేలితే కంప్రెసర్ ఒక్కటి మారిస్తే చాలదు. పాత ఆయిల్ కాయిల్స్ గోడలకు పట్టే ఉంటుంది, కొత్త ఆయిల్‌ని కూడా చెడగొడుతుంది. పైపులు ఫ్లష్ చేసి నైట్రోజన్‌తో ఊది, ఫిల్టర్ డ్రయర్ (తేమ, మురికి పట్టే డబ్బీ), కేపిలరీ (సన్న గొట్టం) మార్చి, సక్షన్ లైన్‌లో (గ్యాస్ కంప్రెసర్‌కి తిరిగొచ్చే పైపు) యాసిడ్ పీల్చే డ్రయర్ పెట్టాలి. బ్రేజింగ్ జరుగుతున్నంతసేపూ పైపులో నైట్రోజన్ పారాలి. వ్యాక్యూమ్ 500 మైక్రాన్లకు దిగి, పంపు ఆపాక నిలవాలి. పీఓఈలో కలిసిన తేమని వ్యాక్యూమ్ పూర్తిగా లాగలేదు, కాబట్టి డబ్బా మూత తెరిచి పక్కన పెట్టే అలవాటు మానాలి. సగం వాడిన డబ్బాని మళ్లీ వాడకపోవడమే మేలు.

మాటలమూట:
సరే, మూడు మాటలూ విడివిడిగా ఉంచుతాను. ఇంకొకటి: కాపర్ ప్లేటింగ్‌కి ‘రాగి పూత’ అని రాశారు.

కొలిమి:
పూత అంటే మనం కావాలని పూసేది. ఇక్కడ యాసిడ్ పైపుల రాగిని కరిగించి, వేడెక్కే ఉక్కు భాగాల మీద, షాఫ్ట్, బేరింగుల మీద పేరుస్తుంది. ‘రాగి పట్టింది’ అనండి, తుప్పు పట్టింది అన్నట్టు. షెల్ కోస్తేనే కనబడుతుంది: బూడిద రంగులో ఉండాల్సిన షాఫ్ట్ ఎర్రగా మెరుస్తుంది. పొర మందం పెరిగేకొద్దీ సందు పూడిపోయి షాఫ్ట్ బిగుసుకుంటుంది. అప్పుడు ఓములన్నీ సరిగ్గానే వస్తాయి, కెపాసిటర్ బాగుంటుంది, అయినా హమ్ అని ఆంప్స్ లాగి ట్రిప్ అవుతుంది. దానికి షాపుల్లో ‘జామ్’ అంటారు, అది మార్చకండి.