పాత టేకు పలకలకు పట్టిన నల్ల బూజును స్టెయిన్ వేసే ముందు ఎలా తీయాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

అందరికీ నమస్కారం. మా తాతగారు కట్టించిన పెంకుటింటి వసారాకు పడమటి వైపున, ఒకదాని అంచు మీదికి మరొకటి వచ్చేలా టేకు పలకలు కొట్టి గోడలా బిగించారు. ఈ వానలకు కింది పలకలన్నీ బూజు పట్టాయి, వేలితో రాస్తే నల్లని పొడి అంటుకుంటున్నది. మేకుల చుట్టూ మాత్రం రూపాయి బిళ్లంత నల్లటి వలయాలు ఉన్నాయి; వాటిని ఎంత తుడిచినా చేతికి ఏమీ అంటడం లేదు. ఎమిరీ కాగితంతో రుద్దేసి వెంటనే వుడ్ స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) వేద్దామని పాలిష్ మేస్త్రిగారు అంటున్నారు. బూజు మళ్లీ పైకి వస్తుందేమోనని నా భయం. ఏం చేయమంటారు?

సమాధానం (విజయవాడ, వడ్రంగం పని)

అయ్యా, దయచేసి ఇప్పుడే రుద్దించకండి. బూజును చంపకుండా పొడిగా రుద్దితే దాని సిద్ధబీజాలు గాలిలో కలిసి ఇల్లంతా పరుచుకుంటాయి, ఉబ్బసం ఉన్నవారికి అది మరీ ప్రమాదం. మీరు చెప్పినదాన్ని బట్టి అక్కడ రెండు రకాల మరకలు ఉన్నాయి. వేలికి అంటేది బూజు. మేకుల చుట్టూ ఉన్నది చెక్కలో సహజంగా ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలిసి ఏర్పడిన మరక కావచ్చు. బట్టలకు వాడే ద్రవ బ్లీచ్ ఒక్కో చుక్క రెండింటి మీదా వేసి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో పాలిపోతే అది బూజే.

ఒక వంతు బ్లీచ్‌కు మూడు వంతుల నీళ్లు కలిపి, చారలు పడకుండా కింది నుంచి పైకి పూసి, పది పదిహేను నిమిషాలు ఆరిపోకుండా ఉంచి, నైలాన్ బ్రష్‌తో చెక్క రేఖల వెంట మెల్లగా తోమి, మంచినీళ్లతో బాగా కడగండి. ఇనుప పీచు వద్దు, దాని నలుసులు చెక్కలో ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి. చేతులకు తొడుగులు తప్పనిసరి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను గాని, అమ్మోనియా ఉన్నదేదైనా గాని బ్లీచ్‌తో ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

సమాధానం (అరండల్‌పేట, గుంటూరు)

మేకుల మరకలకు ఆక్జాలిక్ ఆమ్లం పనిచేస్తుంది. అయితే బ్లీచ్ ఆనవాలు లేకుండా కడిగి ఆరిన తర్వాతే దాన్ని పూయాలి. అదీ విషమే కనుక పిల్లలకు అందనీయకండి.

అసలు ఓపిక పట్టవలసింది ఆరబెట్టడంలో. బూజు కడిగిన మర్నాడే మా తలుపులకు స్టెయిన్, పైన వార్నిష్ వేయించాను. పైపొర ఎండినట్టే ఉన్నా లోపలి తడి ఎటూ పోలేక, కార్తీకం దాటకముందే వార్నిష్ పొక్కులు లేచింది. గోటితో గీరితే అట్టలా ఊడివచ్చింది. చెక్కలో తేమ 15 శాతానికి దిగిందని తేమ మీటరుతో చూపించుకున్న తర్వాతే స్టెయిన్ వేయించండి. మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉంటాయి కనుక సంక్రాంతి తర్వాత అయితే మేలు. ఈలోగా ఆ పలకలు అసలెందుకు తడుస్తున్నాయో చూడండి, ఆ తడి ఆగకపోతే ఎంత కడిగినా బూజు మళ్లీ వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చుక్క వేసి చూశాను. కింది పలక మీది మచ్చ నిమిషంలోనే పాలిపోయి, తేనె రంగు చెక్క రేఖలు బయటపడ్డాయి. మేకు చుట్టూ ఉన్న వలయం చెక్కుచెదరలేదు. తల ఎత్తి చూస్తే చూరు పెంకు ఒకటి పగిలి, నీళ్లు సరిగ్గా ఆ పలకల మీదికే జారుతున్నాయి. రేపు పెంకు మార్పిస్తున్నాను, మేస్త్రిగారిని సంక్రాంతి వెళ్లాక రమ్మన్నాను.