ఇంటర్ పిల్లల చేతిలో ప్రేమ నవల కనిపిస్తే లాక్కోవాలా?

కావలి నాన్న:
మా పాప ఇంటర్ ఫస్టియర్, నెల్లూరులో హాస్టల్. పోయిన ఆదివారం చూడబోతే వార్డెన్ ఒక ఇంగ్లీషు నవల నా చేతిలో పెట్టి "ఇట్టాంటివి ఇంట్లోనే ఉంచుకోండి సార్" అంది. బస్సులో చదవడం మొదలుపెట్టా. పదహారేళ్ల పిల్ల, ప్రేమ, అమ్మతో గొడవలు, తనెవరో తనకే తెలియని అయోమయం. ఒక ముద్దు. గుర్తు కోసం పేజీల మధ్య ఫిజిక్స్ స్లిప్ టెస్ట్ పేపరు మడిచి పెట్టుకుంది. 30కి 11. ఆ మార్కుల సంగతి మాకు చెప్పలేదు. పుస్తకం తిరిగి ఇవ్వాలా వద్దా?

ఒంగోలు మాస్టారు:
వద్దు. 30కి 11 వచ్చిన పిల్లకి నవలా? ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, అయ్యాక బీరువా నిండా కొనివ్వండి. ఇంకోటి, వీటిలో కొన్నిట్లో అమ్మాయి వద్దంటున్నా వెంటపడేవాడే హీరో. కాలేజీ గేటు ముందు అలాంటి హీరోల్ని తరిమీ తరిమీ విసిగిపోయాను.

మూలాపేట అక్క:
మాస్టారూ, నవల వల్ల మార్కులు తగ్గాయా, మార్కులు తగ్గిన దిగులుకి నవల పట్టుకుందా? మేం వీక్లీ సీరియల్సు బోటనీ రికార్డులో దాచుకుని చదివినవాళ్లమే. అందులో హీరోయిన్‌కి ఇరవై రెండేళ్లు, హీరోకి కారు. పదిహేనేళ్ల పిల్ల మనసు సంగతి మాకెక్కడా కనపడలా. 1947లో మొదలైన చందమామ చిన్నతనాన్ని చూసుకుంది. అది దాటితే ఇక అమ్మ చదివే సీరియలే, మధ్యలో మెట్టు లేదు. అమెరికాలో జూడీ బ్లూమ్ అనే రచయిత్రిని ఆమె కూతురే అడిగిందట, ప్రేమించుకున్న పిల్లలు చివర్లో చావని కథ రాయమని. 1975లో 'ఫరెవర్' నవల అట్టా వచ్చింది. స్కూలు లైబ్రరీల్లోంచి దాన్ని తీసేయమని అక్కడా గొడవలు చేశారనుకోండి, అది వేరే సంగతి.

పేరు వద్దు:
నాకు పంతొమ్మిది. అబ్బాయిని, నాకు అబ్బాయిలే నచ్చుతారు. టెన్త్‌లో ఇలాంటి నవల ఒకటి చదివేదాకా అది నాకొక్కడికే వచ్చిన రోగం అనుకున్నా. 2018లో సుప్రీంకోర్టు ఇది నేరం కాదంది, మా ఇంట్లో టీవీ చానల్ మార్చేశారు. ఆ నవలల్లో లాకర్లు, డాన్సు పార్టీలు. మనకి స్టడీ అవర్, మజ్జిగన్నం. అయినా రాత్రిపూట ఆ పిల్లాడికి పట్టిన భయం అచ్చం నాదే. తెలుగులో ఉండుంటే మా అమ్మ చేతిలో పెట్టేవాణ్ణి.

ఒంగోలు మాస్టారు:
బాబూ, నీ మాటకి అడ్డు చెప్పను. కానీ ఏది మంచిదో ఎంచి ఇచ్చే మనిషి ఉండాలి. వార్డెన్‌కి ఆ తీరిక లేదు, తండ్రికి ఆ ఇంగ్లీషు రాకపోవచ్చు.

కావలి నాన్న:
ఇంగ్లీషు కష్టంగానే ఉంది మాస్టారూ, డిక్షనరీ పక్కన పెట్టుకున్నా. నిన్న పాప ఫోన్ చేసింది. తిడతానని టెన్షన్ పడుతోంది. 140వ పేజీలో ఉన్నానని చెప్పా. కాసేపు మాట లేదు. తర్వాత "ఇంకా గొడవ దగ్గరికి రాలేదు నాన్నా నువ్వు" అంది. మార్కుల గురించి ఇద్దరం ఎత్తలేదు.