సూపర్‌హీరో కామిక్స్‌ను సంపుటాలుగా కొనేవారు ఏ వరుసలో, ఏ రూపంలో కొంటున్నారు?

కొత్తపేజీ:
అందరికీ నమస్కారం. విడి సంచికలు కొనడం మానేసి, రెండేళ్లుగా సూపర్‌హీరో కామిక్స్‌ను సంపుటాలుగానే చదువుతున్నాను. కథ తెగకుండా సాగుతుందన్న ఆశతో ఈ దారి పట్టాను గానీ, రెండు విషయాలు నన్ను బాగా తికమక పెడుతున్నాయి. మొదటిది వరుస. మార్వెల్ ప్రచురణ సంస్థ ఒక్కో హీరో పాత సంచికలను కూర్చి వేసే ఎపిక్ కలెక్షన్‌లో ఒక హీరో మూడో సంపుటం దొరికితే కొని, నాలుగోదాని కోసం ఎదురుచూస్తూ ఉంటే, ఆ తర్వాత వచ్చినది ఏడోది. మధ్యలోని మూడూ నాకు తెలియకుండానే అమ్ముడైపోయాయని అనుకుని నెలల తరబడి వెతికాను. రెండోది ఆకారం. చాలా సంచికలను ఒకే గట్టి అట్టలో కూర్చిన వెయ్యి పేజీల ఆమ్నిబస్ ఒకటి కొన్నాను. దాన్ని పడుకుని చదవడం సాధ్యం కాదు సరికదా, రెండు పేజీల మీదుగా గీసిన ఒక పోరాట దృశ్యంలో హీరో ముఖం సగం మధ్య మడతలోకి పోయింది. మీరు ఏ రూపంలో కొంటున్నారో, వరుసను ఎలా నిర్ణయించుకుంటున్నారో చెప్పగలరా?

నల్లసిరా:
కొత్తపేజీ గారూ, మీరు ఏ సంపుటాన్నీ పోగొట్టుకోలేదు. 2013లో మొదలైన ఆ ఎపిక్ సంపుటాల మీద కనిపించే అంకె అచ్చయిన క్రమాన్ని కాక, మొత్తం కథలో ఆ భాగం ఎక్కడ వస్తుందో సూచిస్తుంది. ఖాళీలను ముందూ వెనకా చూడకుండా పూరించుకుంటూ పోతారు కాబట్టి, మూడో సంపుటం తర్వాత ఏడోది రావడంలో వింతేమీ లేదు. నాకూ మొదట్లో ఇదే అనుమానం వచ్చింది. అప్పటి నుంచి సంపుటం అంకెను పక్కనపెట్టి, అందులో ఏయే సంచికలు ఉన్నాయో తెలిపే జాబితాను మాత్రమే చూస్తున్నాను.

అయితే ఆ జాబితాను చదవడంలోనూ కొంత జాగ్రత్త కావాలి. ఎక్స్-మెన్ పాత సంచికలను సేకరించేటప్పుడు ఒక సంపుటం 66తో ముగిసి, తరువాతిది 94 దగ్గర అందుకోవడం చూసి, ఇరవై ఏడు సంచికలు ఎగరగొట్టారని నేను చాలా బాధపడ్డాను. తర్వాత తెలిసిందేమిటంటే, 67 నుంచి 93 వరకు వచ్చినవన్నీ పాత కథల పునర్ముద్రణలే. 1970లో కొత్త కథలు ఆగిపోయి, 1975లో జెయింట్-సైజ్ ఎక్స్-మెన్ ప్రత్యేక సంచికతో మళ్లీ మొదలై, 94తో అసలు వరుస కొనసాగింది. అంటే అక్కడ పోయినది ఏమీ లేదు. అంకెల్లో గండి కనబడగానే కంగారు పడకుండా, ఆ గండిలో కొత్త కథ ఉందా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

కుట్టుదారం:
మధ్య మడత సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో నేను ఒక పుస్తకాన్నే పోగొట్టుకున్నాను. నా మొదటి ఆమ్నిబస్‌ను చేతికి రాగానే సరిగ్గా నడిమధ్యకు తెరిచి, పేజీలు చదునుగా నిలవాలని అరచేత్తో గట్టిగా నొక్కాను. చిన్న చప్పుడు వినిపించింది. మూసి చూస్తే లోపలి కాగితాల దిమ్మ అట్ట నుంచి ఒక పక్కకు ఊడి వచ్చింది. కుట్టు బైండింగే అయినా నా తొందరకు ఆగలేదు.

ఇప్పుడు కొత్త పుస్తకం వస్తే ముందు దాని వెన్నును పై నుంచి చూస్తాను. కాగితాలు చిన్న చిన్న మడతల కట్టలుగా, అంటే ఫారాలుగా కనిపిస్తే, ఒక ఫారం మధ్యకు తెరిచినప్పుడు దారం కూడా కనిపిస్తే, అది కుట్టినది. కాగితాల అంచులు ఒకే చదునైన గోడలా కనిపిస్తే అది జిగురుతో అంటించినది. దాని మడతలో బొమ్మ ఎక్కువగా పోతుంది, బలవంతం చేస్తే పేజీలు విడిపోతాయి. కుట్టిన పుస్తకాన్నైనా వెన్ను బల్లకు ఆనేలా నిలబెట్టి, ముందు రెండు అట్టలనూ దించి, తర్వాత ముందు నుంచి కొన్ని పేజీలు, వెనుక నుంచి కొన్ని పేజీలు చొప్పున మార్చి మార్చి వేలితో మెల్లగా అదుముతూ మధ్యకు చేరుకోవాలి. పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత పుస్తకం తనంతట తానే తెరుచుకుని ఉంటుంది. మీ పోరాట దృశ్యంలోని ముఖం మొత్తం కాకపోయినా చాలా వరకు బయటికి వస్తుందని నా నమ్మకం.

అటకపెట్టె:
రంగుల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. పాత కామిక్స్ న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యేవి. ఆ కాగితం సిరాను పీల్చుకుని రంగును మందగింపజేస్తుందని ఎరిగే, ఆ కాలం వారు గాఢమైన రంగులు ఎంచుకునేవారు. అవే రంగులను నిగనిగలాడే తెల్ల కాగితం మీద యథాతథంగా అచ్చువేస్తే పసుపు, గులాబీ రంగులు కళ్లలో పొడుస్తాయి. నా దగ్గర ఒకే కథ విడి సంచికగానూ, నిగనిగలాడే సంపుటంగానూ ఉంది. రాత్రి ఆకాశాన్ని చూపే ఒక గడిలో, పాత కాగితం మీద నలిగిన నీలంగా కనిపించేది, కొత్త కాగితం మీద ఈతకొలను అడుగులా మెరుస్తుంది. మెరుపు లేని కాగితం మీద అచ్చు వేసిన సంపుటాలు దొరికితే నేను వాటినే కొంటాను.

రంగులే మారిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 1988 నాటి బ్యాట్‌మ్యాన్ కథ ది కిల్లింగ్ జోక్‌కు మొదట జాన్ హిగ్గిన్స్ రంగులు వేశారు. ఆ కథకు బొమ్మలు గీసిన బ్రయాన్ బోలండ్ 2008 డీలక్స్ ముద్రణ కోసం తానే అన్ని పేజీలకూ మళ్లీ రంగులు వేసుకున్నారు. మొదటిదానిలోని ఊదా, నారింజ రంగుల జ్వరం నాకిష్టం. రెండోదానిలోని మసక వెలుగు కథకు మరింత తగిందనేవారితోనూ నాకు తగువు లేదు. కొనేవారికి మాత్రం తాము ఏది కొంటున్నారో తెలిసి ఉండాలి.

అరచేతిపుస్తకం:
అటకపెట్టె గారి మాటను గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తాను. కాగితం, రంగు అంటూ వెతుకుతూ కూర్చుంటే చదవడం వెనకబడుతుంది. నేను రైల్లో చదువుతాను. 2024లో డీసీ ప్రచురణ సంస్థ మొదలుపెట్టిన కాంపాక్ట్ పుస్తకాలు నవల సైజులో ఉండి సంచిలో ఇమిడిపోతాయి. మాటల బుడగల్లోని అక్షరాలు చిన్నవే, కళ్లకు శ్రమే. కానీ అరలో ఉన్న నా ఆమ్నిబస్‌లకంటే వీటినే ఎక్కువసార్లు పూర్తిచేశాను.

నల్లసిరా:
అనేక పత్రికల్లో విడివిడిగా సాగిన కథల గురించి కూడా ఒక మాట. 1992లో సూపర్‌మ్యాన్ మరణించిన కథ ఒకే పత్రికలో రాలేదు. ఆ రోజుల్లో అతనివి నాలుగు నెలవారీ పత్రికలు ఉండేవి. వారం వారం ఒకదాని నుంచి మరొకదానిలోకి కథ దూకేది కాబట్టి, పాఠకులు దారి తప్పకుండా 1991 నుంచి అట్ట మీద చిన్న త్రిభుజంలో వరుస సంఖ్య వేసేవారు. ఇలాంటి కథను ఒక పత్రిక పేరుతో ఉన్న సంపుటంలో చదివితే ప్రతి నాలుగో అధ్యాయమే దొరుకుతుంది. సంఘటన పేరుతో ఉన్న సంపుటమే ఇక్కడ పనికొస్తుంది.

ఎంత కోరుకున్నా సంపుటంగా రాని కథలూ ఉంటాయి. రోమ్ అనే పాత్ర ఒక బొమ్మల కంపెనీ సొత్తు. మార్వెల్ 1979 నుంచి 1986 వరకు ఆ పేరుతో 75 సంచికలు వేసినా, హక్కులు చేతిలో లేక దశాబ్దాల పాటు వాటిని మళ్లీ అచ్చు వేయలేకపోయింది. ఆమ్నిబస్ 2024లో గానీ రాలేదు. ఆ మధ్య కాలమంతా పాత సంచికలే దిక్కు.

పుటలసవ్వడి:
అచ్చులో లేని సంపుటాల విషయంలో నా అనుభవం విని ఆగండి. ఒక ఆమ్నిబస్ ఎక్కడా దొరకడం లేదని, ఇక ఎప్పటికీ దొరకదేమోనన్న భయంతో ఒక అమ్మకందారుకు అట్ట మీది ధరకు మూడు రెట్లు చెల్లించాను. ఏడాది తిరక్కుండానే పునర్ముద్రణ ప్రకటించారు. ఇప్పుడు అలాంటి కోరిక కలిగినప్పుడల్లా ఆ కథ లైబ్రరీలో గానీ, డిజిటల్‌లో గానీ చదివేస్తాను. చదివిన తర్వాత కూడా ఆరు నెలలు ఆ కోరిక నిలిచి ఉంటేనే పుస్తకం కోసం వెతుకుతాను. చాలా కోరికలు నిలవలేదు.

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు ముగింపు ఉన్న కథను ఎంచుకోవడం మేలని కూడా నాకనిపిస్తుంది. ఇన్విన్సిబుల్ అనే సూపర్‌హీరో కామిక్ 2003లో మొదలై 2018లో 144 సంచికలతో పూర్తయింది. మూడు కంపెండియంలలో, అంటే మూడు లావుపాటి సంపుటాల్లో, మొత్తం ఉంది. మూడూ అరలో పెట్టుకుంటే ఇక వెతుక్కోవలసినది లేదు.

కొత్తపేజీ:
అందరికీ కృతజ్ఞతలు. కుట్టుదారం గారు చెప్పినట్టు ఆమ్నిబస్‌ను వెన్ను మీద నిలబెట్టి మొదటి పేజీ నుంచి మళ్లీ తెరిచాను. మడతలో పోయిన ముఖంలో రెండో కన్ను కూడా ఇప్పుడు కనిపిస్తోంది. తర్వాత నల్లసిరా గారి మాట ప్రకారం సంపుటాల పేర్లు వదిలేసి, నా దగ్గరున్న సంచికల సంఖ్యలను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోతే, ఎక్స్-మెన్ 129 నుంచి 137 వరకు, అంటే 1980 నాటి డార్క్ ఫీనిక్స్ కథ, నా దగ్గర మూడు చోట్ల ఉన్నట్టు బయటపడింది. మూడింటిలో పల్చని పేపర్‌బ్యాక్‌ను మా మేనకోడలికి ఇచ్చాను. ఎక్స్-మెన్ జట్టులోని జీన్ గ్రే మరణించే 137తోనే ఆ పుస్తకం ఆగిపోతుంది. మేనకోడలు రెండు రోజుల్లో చదివేసి, ఆ తర్వాత జీన్ స్నేహితులు ఏమయ్యారని అడిగింది. అంత్యక్రియలు 138లో ఉన్నాయి. ఆ సంచిక ఉన్న ఆమ్నిబస్ ఇప్పుడు ఆమె బల్ల మీద ఉంది. ఎలా తెరవాలో చూపించే ఇచ్చాను.