అప్‌డేట్: 410 కిలోమీటర్లకు గంటా ఇరవై నిమిషాలు ఎందుకో తెలిసింది

రెండు చిన్న విమానాశ్రయాల మధ్య నేరుగా కొలిస్తే 410 కిలోమీటర్లు, ఏటీఆర్ 72 (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం) వేగం గంటకు దాదాపు 500, అంటే 50 నిమిషాలు చాలాలి కదా, టికెట్ మీద 1 గంట 20 నిమిషాలు ఎందుకుంది అని అడిగాను. జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు. మొన్న వెళ్లొచ్చాను, వాచీ పట్టుకుని మరీ లెక్క రాసుకున్నాను.

మీరు చెప్పిందే నిజం. టికెట్ మీదున్నది బ్లాక్ టైమ్. విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అవతల మళ్లీ ఆగేదాకా లెక్క. కదిలాక గాల్లోకి లేవడానికే 11 నిమిషాలు పట్టింది. అక్కడ రన్‌వే పక్కన టాక్సీవే (విమానం రన్‌వే చివరికి నడిచి వెళ్లే దారి) లేదు. రన్‌వే మీదే చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి టేకాఫ్ అయ్యాం. అదీ మేం వెళ్లాల్సిన దిక్కుకు వ్యతిరేకంగా, ఎందుకంటే గాలికి ఎదురుగానే లేవాలట. గాల్లో 61 నిమిషాలు, దిగాక మరో 5. మొత్తం 77.

నా అసలు పొరపాటు 500ని సగటు వేగం అనుకోవడం. అది పైకి చేరాక ఉండే వేగం. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చాలా తక్కువ, దూరం చిన్నదైతే ప్రయాణంలో పెద్ద భాగం అదే.

తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి వీచింది. గాల్లో 53 నిమిషాలే!